పేరు పిలిచినప్పుడు నేను లేను

ఫిబ్రవరి 3, మంగళవారం

తీసేయడాన్ని సర్దుబాటు అంటారని ఈ రోజు తెలిసింది. ఇన్నేళ్ళు శాసనసభలో కూర్చుని కూడా ఇంకా కొత్త మాటలు నేర్చుకుంటూనే ఉన్నాను. మా ఊరి ప్రభుత్వాసుపత్రిలోని డయాలసిస్ వార్డును నెలాఖరుకల్లా నగరంలోని పెద్దాసుపత్రికి సర్దుబాటు చేస్తారట. యంత్రాలు వెళ్ళిపోతాయి. మనుషులు వాటి వెంట పడి వెళ్ళాలి.

వార్డు డాక్టరే ఫోన్ చేసి చెప్పాడు. "ఆర్డరు ఇంకా మా చేతికి రాలేదు మేడమ్. ముందే చెప్తే మీరేమైనా ఆపగలరేమోనని." ఆపుతానన్నాను. ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళకు ఇదొక జబ్బు, ఎవరేమడిగినా ముందు ఆపుతామనేస్తాం.

వదినకు ఎలా చెప్పాలా అని వరండాలో చెప్పులు విప్పడానికే చాలాసేపు పట్టింది నాకు. తీరా చూస్తే ఆవిడకు నాకంటే ముందే తెలుసు. వారానికి మూడు రోజులు అదే వార్డులో చేతికి రెండు సూదులు పెట్టించుకుని పడుకునే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

"పోను మూడు గంటలు, రాను మూడు గంటలు, మధ్యలో నాలుగు గంటలు యంత్రం. ఇంక ఇంటికి రావడం దేనికి? మీ అన్నయ్యా నేనూ ఆ కారులోనే కాపురం పెట్టేస్తాం" అంది.

నవ్వాను. అన్నయ్య నవ్వలేదు.

ఫిబ్రవరి 5

సభలో ప్రశ్న వేశాను. ఆరోగ్య మంత్రి లేచి, సేవల నాణ్యత పెంచడానికే ఈ సర్దుబాటు అన్నాడు. మరి రెండేళ్ళ కింద నేను పెట్టిన బిల్లు మాటేమిటని అడిగాను. పరిశీలనలో ఉంది అన్నాడు. ఇప్పటికి ఎన్నిసార్లు అన్నాడో. ఆయన కళ్ళజోడు ఆ రెండేళ్ళలో మారింది, జవాబు మారలేదు.

బిల్లులో ఉన్నది ఒక్క ముక్క. రోగులు వాడుకుంటున్న వార్డు మూయాలంటే, అంత దగ్గరలో ఇంకొకటి తెరిచి, అది పనిచేస్తున్నాకే మూయాలి. మా వదిన కోసం రాసింది కాదు. రాసిన నాటికి వదిన కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఈ మాట ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉంచుకున్నాను. ఎవరూ అడగలేదు.

బయట కారిడార్‌లో మంత్రి నా పక్కనే నడుస్తూ, "ఏం చెల్లెమ్మా, ఇంట్లో అందరూ కులాసానా?" అన్నాడు. లోపల గౌరవ సభ్యురాలిని, బయట చెల్లెమ్మను. మంచివాడే. అదే వచ్చిన చిక్కు.

ఫిబ్రవరి 8

ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

బిల్లు అజెండాలోకి వచ్చింది! ఇరవయ్యో తేదీ శుక్రవారం, సభ్యుల సొంత బిల్లులు చర్చించే రోజున, మూడో అంశం. అధికార పార్టీలోనే నలుగురైదుగురు, వాళ్ళ ఊళ్ళలోనూ వార్డులు పోతున్నవాళ్ళు, చేతులెత్తుతామని చెవిలో చెప్పారు. లెక్క సరిపోతుంది. బొటాబొటిగా సరిపోతుంది.

వదిన ముందు నిలబడి ప్రసంగం అప్పజెప్పాను. సగంలో ఆపేసింది.

"గణాంకాలు తీసెయ్యి అమ్మాయ్. నాకే నిద్రొస్తోంది, నా వార్డు గురించి మాట్లాడుతున్నా కూడా."

"మరి ఏం చెప్పను?"

"పక్క మంచం టైలర్ గురించి చెప్పు. మా అందరి చొక్కాలకీ ఎడమ చెయ్యి భుజం దాకా విప్పుకునేలా టిచ్ బటన్లు కుట్టిపెట్టాడు, సూదులు పెట్టేటప్పుడు సిస్టర్‌కి తేలిగ్గా ఉంటుందని. అలాంటోణ్ణి పట్టుకుని బస్సెక్కమంటారా అని అడుగు."

నాకు యాభై దాటినా ఆవిడకు అమ్మాయినే. టైలర్‌ను మూడో పేరాలో పెట్టాను. గణాంకాలు కొన్ని తీశాను. అన్నీ తీయలేదు, మంత్రికి భయం పుట్టాలంటే కొన్ని ఉండాలి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రేపు రాస్తాను.

ఫిబ్రవరి 22

నిన్నా రాయలేదు. రాయకుండా ఉంటే జరగనట్టు అవుతుందా? సరే, రాస్తాను.

మా సభలో వాకౌట్ అనేది ముందే కొలిచిపెట్టుకున్న అలక. నాయకుడు లేస్తాడు, మేమందరం లేస్తాం, మెట్ల మీద మైకుల ముందు నాలుగు కేకలు వేస్తాం, టీ తాగుతాం, తిరిగి వచ్చి ఎవరి సీట్లో వాళ్ళం కూర్చుంటాం. పది నిమిషాల పని. ఇన్నేళ్ళుగా మాకిది బాగా అలవాటు.

ఆ రోజు సభ మొదలవగానే ఆర్థిక మంత్రి మా పార్టీ నాయకుడు పెద్దాయన్ను ఉద్దేశించి, "ఆయన పాపం ఎటు కూర్చోవాలో తెలియక ఇరవై ఏళ్ళుగా నిలబడే ఉన్నారు" అన్నాడు. సభ నవ్వింది. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. పెద్దాయన ముఖం కందిపోయింది. లేచాడు.

మా చీఫ్ విప్ మనిషి పొట్టి, గొంతు గట్టి. హాజరు తీసుకునే పద్ధతి చూసి మేమంతా మాస్టారు అంటాం. బెంచీల మధ్య నుంచి అందరినీ తోలుకొస్తున్నాడు. నేను కదల్లేదు.

"మాస్టారూ, ఇవాళ నా బిల్లుంది."

"మూడోది కదమ్మా. మొదటి రెండూ తేలేసరికి మధ్యాహ్నం అవుతుంది. పది నిమిషాల్లో వచ్చేస్తాం."

"నేను ఉంటాను."

"పెద్దాయన వెనక్కి తిరిగి చూస్తే ఒక్క సీటే నిండుగా కనపడుతుంది. ఆ తరవాత నీ ఇష్టం."

లేచాను. బలవంతం చేశాడని రాయాలని ఉంది కానీ ఎవరూ నా చెయ్యి పట్టి లాగలేదు. అందరూ లేస్తే మోకాళ్ళు వాటంతట అవే లేస్తాయి, అంతే.

మెట్ల మీద నేనే ముందు వరసలో ఉన్నాను. పిడికిలి కూడా ఎత్తాను. లోపల మొదటి బిల్లు పెట్టిన సభ్యుడికి జ్వరం, రాలేదు. రెండో ఆయన తన బిల్లు వెనక్కి తీసుకున్నాడు. స్పీకర్ మూడో అంశం అని నా పేరు పిలిచాడు. పేరు పిలిచినప్పుడు సభ్యుడు సీట్లో ఉండి లేచి నిలబడాలి. లేకపోతే బిల్లు పోయినట్టే, మళ్ళీ ఏడాది దాకా పెట్టడానికి లేదు. ఈ నియమం కొత్తవాళ్ళకు క్లాసు తీసుకుని చెప్పేది నేనే.

టీ కప్పు పట్టుకుని లోపలికి వస్తుంటే, తలుపు దగ్గరి జవాను మెల్లగా, "మీది అయిపోయిందమ్మా" అన్నాడు. బాగా జరిగిందేమో అన్నట్టు ఒక్క క్షణం వాడి మొహంలోకి చూశాను.

స్పీకర్ గదికి వెళ్ళాను. నిబంధన చదివి వినిపించాడు. పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "బాధపడకు. టీవీలో నువ్వే ముందున్నావు, మంచి పేరొచ్చింది" అన్నాడు. ఏడవాలో తిట్టాలో తెలియక థాంక్స్ చెప్పి వచ్చాను. థాంక్స్!

ఇంటికొచ్చేసరికి వదిన మంచం మీద కూర్చుని ఉంది. శుక్రవారం కదా, ఉదయం వార్డులోనే ఉంది. అక్కడ టీవీ ఉన్న సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు.

"చూశారా?" అన్నాను.

"సిస్టర్ కూడా పని ఆపి చూసింది. టైలర్ సౌండ్ పెంచమన్నాడు. స్పీకర్ రెండుసార్లు పిలిచాడు నీ పేరు." దుప్పటి సర్దుకుంటూ, "మైకు పాడైందేమో, నువ్వు నిలబడ్డా కనపడ్డంలేదేమో అన్నాడు టైలర్. నేనూ అవునన్నాను" అంది.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఫిబ్రవరి 24

కోర్టుకు వెళ్దామని వకీలును కలిశాను. తారీఖు వేసవి సెలవుల తరవాత వస్తుందట. ధర్నా చేద్దామని మాస్టారును అడిగాను. పెద్దాయన పుట్టినరోజు సభలైపోయాక చూద్దామన్నాడు.

ఆరోగ్య శాఖకు మూడు వినతిపత్రాలు పంపాను. మూడిటికీ అందినట్టు రసీదులొచ్చాయి. చాలా మర్యాదగా రాశారు.

మార్చి 2, సోమవారం

వార్డు మూసేశారు. మొదటి ప్రయాణానికి నేనూ వెళ్ళాను.

అన్నయ్యది డ్రైవింగ్ స్కూలు కారు. నెత్తి మీద బోర్డు, ముందు ఇద్దరికీ బ్రేకులు. నేర్పే మనిషి కాబట్టి యాభై దాటనివ్వడు. వెనక వచ్చే ప్రతివాడూ హారన్ కొట్టి, దాటేటప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారో అని లోపలికి తొంగి చూశాడు. వదిన తన వైపు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంది. లారీ కనపడితే చాలు, తొక్కేస్తుంది.

"నువ్వు తొక్కితే బండి ఆగుతుందే" అని అన్నయ్య.

"ఆగాలనే తొక్కుతున్నా" అని ఆవిడ.

వెళ్ళేటప్పుడు ఇలా బాగానే నవ్వుకున్నాం. పెద్దాసుపత్రిలో మా వాళ్ళ వంతు మధ్యాహ్నం దాకా రాలేదు. తిరుగు ప్రయాణంలో వదిన రెండుసార్లు వాంతి చేసుకుంది. అన్నయ్య కారు రోడ్డు పక్కన ఆపి, ఆవిడ వీపు నిమురుతూ నాకేసి చూశాడు. తిట్టినట్టు చూడలేదు. ఇంక దీన్ని ఎవరికి చెప్పుకోవాలో నువ్వే చెప్పు, అన్నట్టు చూశాడు. సభ్యురాలిని కదా, ఇంట్లో నాకొక హోదా ఉంది.

టైలర్ బస్సులో వచ్చాడు. మా కారులో చోటుందని పిలిస్తే, "నాకు వాంతులెక్కువ మేడమ్, అక్క బండి పాడవుతుంది" అన్నాడు. నిజంగా నాకు కొంచెం తేలిక అనిపించింది. ఛీ.

మార్చి 9

ప్రెస్ మీట్ పెట్టాను. ఇద్దరు వచ్చారు. ఒకతను పెద్దాయన మోకాలి ఆపరేషన్ గురించి అడిగాడు.

మార్చి 13

వదిన పాదాలు వాచాయి. చెప్పులు పట్టడంలేదు. రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో కొలత ఉంది. ఆ కొలతలో సగం కారులోనే అయిపోతోంది, ఎండ మొదలైంది కదా.

మార్చి 17, మంగళవారం

నిన్న వెళ్ళనంది. "ఒక్కపూట మానేస్తే ఏం కాదులే, ఒళ్ళు పులిసిపోయింది" అంది. అన్నయ్య బతిమాలాడు. నేను బతిమాలలేదు. ఆవిడకు విశ్రాంతి కావాలి కదా అనుకున్నాను. అసలు సంగతి, నాకు నిన్న పార్టీ మీటింగ్ ఉంది.

ఈ రోజు ఉదయానికి ఆయాసం. దిండుకు ఆనుకుని కూర్చుంటే తప్ప ఊపిరాడటంలేదు. అన్నయ్య కారు తీయబోతుంటే ఆగమని చెయ్యి చూపించి, నన్ను పిలిచింది.

"నీకు ఆ మంత్రి తెలుసు కదా. చెల్లెమ్మా అంటాడు కదా నిన్ను."

"వదినా..."

"ఊళ్ళోనే ప్రైవేటు ఆసుపత్రిలో యంత్రాలున్నాయి. మనం పెట్టుకోలేం, జీవితాంతం. కానీ మంత్రి తలుచుకుంటే ప్రభుత్వం ఖర్చుతో అక్కడ చేయిస్తారట. సిస్టర్ చెప్పింది. అడుగు."

అలా ఎలా అడుగుతానన్నాను. అందరి కోసం పోట్లాడుతున్నదాన్ని ఇంటి మనిషి కోసం చెయ్యి చాపితే రేపు సభలో ఏ మొహం పెట్టుకుని నిలబడతానన్నాను. బాగా మాట్లాడాననే అనుకుంటాను. ఆవిడ ఊపిరి కూడదీసుకుంటూ మొత్తం వింది.

"నీ మొహం సంగతి తరవాత చూద్దాం. నాకు బతకాలనుంది అమ్మాయ్. నేనేం గొప్పదాన్ని కాదు. నాకు బతకాలనుంది."

నలభై ఏళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అడగలేదు. ఆవిడ ఈ ఇంటికి వచ్చేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు.

మార్చి 18

అడిగాను.

నిన్న అడుగుతానన్నాకే వదిన కారెక్కింది, అన్నయ్య నగరంలో డయాలసిస్ చేయించుకొచ్చాడు. మంత్రి ఇంట్లోనే కలిశాడు. కూర్చోబెట్టాడు. నేను రాత్రంతా కూడబెట్టుకున్న మాటలేవీ అవసరం రాలేదు. "అయ్యో, ముందే చెప్పొద్దూ చెల్లెమ్మా" అని అక్కడికక్కడే ఫోన్ చేశాడు. పేరు, వయసు, ఏ రోజులు అని నన్నే అడిగి అవతలివాళ్ళకు చెప్పాడు. దానికి బదులు ఏదో అడుగుతాడని కాచుకుని కూర్చున్నాను. ఏమీ అడగలేదు. గేటు దాకా వచ్చి, వదినను జాగ్రత్తగా చూసుకోమన్నాడు.

అడిగి ఉంటే ఆయన్ను అసహ్యించుకోవడానికి వీలుండేది.

మార్చి 20

వదినకు ప్రైవేటు ఆసుపత్రిలో చేశారు. ఇంటికి పది నిమిషాల దూరం. సాయంత్రం వరండాలో కూర్చుని అన్నయ్య మీద జోకులు వేసింది. సంతోషంగా ఉంది నాకు. చాలా సంతోషంగా ఉంది. అంతే రాయాలి ఈ రోజుకి.

ఏప్రిల్ 3

టైలర్ సంగతి వదిన అడిగింది. కనుక్కుంటానన్నాను.

ఏప్రిల్ 7, మంగళవారం

ఆరోగ్య సేవల కోతల మీద చర్చ. మా పార్టీ తరఫున నేనే మాట్లాడాలి. మానేద్దామా అనుకున్నాను, కానీ మానేస్తే నిజంగానే అమ్ముడుపోయినట్టు కదా. అందుకని మామూలుకంటే గట్టిగా మాట్లాడాను. సేవలు కుప్పకూలాయన్నాను, మా ఊరి పేషెంట్లు రోడ్ల మీద ఉన్నారన్నాను. బల్లలు చరిచారు మావాళ్ళు.

మంత్రి లేచాడు. కోపం లేదు ఆయన గొంతులో.

"అధ్యక్షా, గౌరవ సభ్యురాలి వదినగారికి ఇదే డయాలసిస్ అవసరమైతే మా శాఖ ఒక్క రోజులో ఏర్పాటు చేసింది. సంతోషం. ఆవిడ ఇప్పుడు బాగున్నారని విన్నాను. సేవలు ఎక్కడ కుప్పకూలాయో సభ్యురాలే చెప్పాలి."

నవ్వులు. మా బెంచీల్లోనూ ఎవరో నవ్వారు.

జవాబు చెప్పడానికి లేచాను. మరి మిగతావాళ్ళ సంగతేమిటి? ఆ మూడు మాటలు చాలు. అవి కారులో ఇంటికి వస్తుంటే వచ్చాయి. సభలో నా నోట ఏమొచ్చిందంటే, "వదిన బాగున్నారు" అని వచ్చింది. కూర్చున్నాను.

ఏప్రిల్ 8

వదిన టీవీలో చూసింది. ఇక మీదట అసెంబ్లీ ప్రసారాలు ఈ ఇంట్లో పెట్టకూడదు.

"నా కోసం నోరు మూసుకున్నావా?" అంది.

"లేదు. మాట రాలేదు."

"రెండూ ఒకటేలే." తరవాత కళ్ళు తుడుచుకుంటూ, "నేను బాగుండటం తప్పా చెప్పు?" అంది.

కాదన్నాను. కాదు కూడా. తప్పు ఆవిడది కాదు. తప్పు ఎవరిదో రాయాలని కూర్చున్నాను, చాలాసేపు కూర్చున్నాను. మంత్రి పేరు రాస్తే నా పేరు ముందు రాయమంటోంది మనసు.

ఏప్రిల్ 15, బుధవారం

ఉదయం వదిన, అన్నయ్య ఆసుపత్రికి వెళ్ళాక టైలర్ భార్య వచ్చింది. ముందు గదిలో అర్జీలతో వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద ఒక చివరన కూర్చుంది. లోపలికి రమ్మంటే కాసేపు మొహమాటపడింది.

"పోయిన వారం ఒక్కసారే వెళ్ళారండి. మొన్న సోమవారం వెళ్ళలేదు. బస్సు దిగి ఆసుపత్రి గేటు దాకా నడవలేకపోతున్నారు. ఇంక చాల్లే అంటున్నారు."

"అలా అంటే ఎలా? చెప్పాలి మీరు."

"చెప్తూనే ఉన్నానండి. మీరు టీవీలో చెప్పారుగా, అక్కకి బాగుందని. మంత్రిగారే చేయించారట కదండీ. ఈయనకీ ఒక్క మాట చెప్తారేమోనని." మొహంలో ఈర్ష్య లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎక్కడికి వెళ్తే పనవుతుందో కనుక్కుని వచ్చింది, అంతే.

లోపలి గదిలోకి వెళ్ళి మంత్రికి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు. టైలర్ పేరు చెప్పాను. మూతపడ్డ వార్డులోని మిగతావాళ్ళ గురించీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"చూడు చెల్లెమ్మా, ఇంటి మనిషి అన్నావు, చేశాను. దానికి నాకు అధికారం ఉంది, ఒకరికో ఇద్దరికో. ఈయనకు చేస్తే పక్కాయన వస్తాడు, ఆ పక్కాయన వస్తాడు. అందరికీ చేయాలంటే దానికో చట్టముండాలి కదా."

ఎగతాళి చేస్తున్నాడేమోనని చెవి రిక్కించి విన్నాను. లేదు. నిజంగానే విచారంగా అన్నాడు. ఆయనకు నా బిల్లు గుర్తు కూడా లేదు.

"ఈయన ఒక్కరికీ" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది.

"వీలైతే చూద్దాం" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నేనూ జనంతో అదే అంటాను.

బయటికి వస్తే ఆమె లేచి నిలబడింది.

"ఏమన్నారండీ?"

"చూద్దామన్నారు."

ఆమె ముఖం వెలిగిపోయింది. నేను ఇంకొక ముక్క చెప్పేలోపే ఫోన్ తీసి భర్తకు కలిపింది. "మేడమ్ మాట్లాడేశారు. మంత్రిగారు సరేనన్నారు. ఇక్కడే చేస్తారట" అంటోంది. అలా కాదండీ అని చెయ్యి ఊపాను. థాంక్స్ చెప్పమంటున్నాననుకుందో ఏమో, ఫోన్ నా చేతికిచ్చింది.

"మేడమ్" అన్నాడు టైలర్. గొంతు పీలగా ఉంది, మాటకు మాటకు మధ్య ఆయాసం. "మీ మేలు మర్చిపోనండి. ప్రాణం లేచొచ్చింది. అయితే ఇవాళా, ఎల్లుండి శుక్రవారమూ ఇంక నగరానికి వెళ్ళను లెండి. ఎలాగూ ఇక్కడ పిలుస్తారు కదా, ఈ రెండు మూడు రోజులు ఓర్చుకుంటాను."

"లేదండీ, వెళ్ళండి. ఇంకా ఏమీ ఖాయం కాలేదు. ఈ రోజే వెళ్ళాలి మీరు. కారు పంపిస్తాను, అన్నయ్య తీసుకెళ్తాడు. వినండి, ఇక్కడ అవకపోవచ్చు."

"మీరు అడిగాక అవకపోవడమేంటి మేడమ్" అని నవ్వాడు. "మీది పెద్ద మనసు కాబట్టి అలా అంటారు."

వెళ్ళండి అని మళ్ళీ చెప్పాను. అలాగే మేడమ్, అలాగే అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆమెకూ చెప్పాను, విడమరిచి చెప్పాను, ఇది కాదు, నమ్ముకోవద్దు, కారు మధ్యాహ్నం వస్తుంది అని. తల ఊపింది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుని వెళ్ళింది.

మధ్యాహ్నం అన్నయ్య కారు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. గంటలో ఖాళీగా తిరిగి వచ్చాడు. మేడమ్‌గారు మాట్లాడారుగా, ఇంక అంత దూరం ఎందుకండీ అన్నాడట టైలర్. టీ ఇచ్చి పంపించారట.